మార్బుల్ చారల క్వార్ట్జ్: రాయి గట్టిదే, చూడాల్సింది జిగురు

విజయవాడలోనో గుంటూరులోనో కిచెన్ గట్టు కోసం రాయి చూడ్డానికి షాపుకి వెళ్తే ఈమధ్య ముందుగా చూపించేది తెల్లటి పలక, దాని మీద బూడిద రంగు చారలు. స్టాచువారియో, కలకట్టా, కరారా అని పేర్లు చెబుతారు. అవన్నీ ఇటలీలో కరారా చుట్టుపక్కల కొండల్లో దొరికే మార్బుల్ పేర్లు. చూపించే పలక మాత్రం మార్బుల్ కాదు, ఫ్యాక్టరీలో పోసిన క్వార్ట్జ్. ఒంగోలు దగ్గర చీమకుర్తి గనుల్లోంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ కూతవేటు దూరంలో ఉండగా దీనికి అంతకంటే ఎక్కువ పెట్టడం ఎప్పుడు తెలివైన పని, ఎప్పుడు కాదు అన్నది రాయిని చూసి తేల్చలేం. ఆ రాయిని పట్టి ఉంచిన జిగురుని చూసి తేల్చాలి.

క్వార్ట్జ్ అంటే మన పలుగురాయే. దాన్ని పొడిగా, రవ్వగా కొట్టి, బరువులో 90 నుంచి 93 శాతం దాకా తీసుకుని, మిగతా భాగం పాలియెస్టర్ రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురు, రంగులు, రాయికీ రెజిన్‌కీ పట్టు కుదిర్చే సైలేన్ అనే రసాయనం కలుపుతారు. ఆ ముద్దను గాలి తీసేసిన ప్రెస్సులో కంపనంతో అదిమి, 85-90 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. ఈ పద్ధతి ఇటలీలోని బ్రెటన్ కంపెనీది. విశాఖపట్నం దగ్గర అచ్యుతాపురం సెజ్‌లో పోకర్ణ సంస్థ ఈ యంత్రాలతోనే పలకలు పోస్తోంది. అందులో ఎక్కువ భాగం అమెరికాకే పోతుంది.

షాపువాళ్ళు 'తొంభై మూడు శాతం రాయి' అని గట్టిగా చెబుతారు. అది బరువు లెక్క. రెజిన్ తేలిక, రాయి బరువు. బరువులో 8 శాతం ఉన్న రెజిన్ ఘనపరిమాణంలో చూస్తే దాదాపు ఆరో వంతు. అంటే గట్టు మీద చెయ్యి పెట్టినప్పుడు చేతికింద ఉన్నదాంట్లో ఆరో వంతు ప్లాస్టిక్. ఈ పలక చేసే మంచి, చెడు రెండూ ఆ ఆరో వంతులోనే ఉన్నాయి.

ముందు మంచి సంగతి. అసలు మార్బుల్ కాల్సైట్ అనే ఖనిజం. చింతపండు పులుసు, నిమ్మరసం, పెరుగు, ఆవకాయ ఊట ఏది పడినా ఆ ఆమ్లం కాల్సైట్‌ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అక్కడ పాలిష్ పోయి మచ్చలా కనబడుతుంది. అది మరక కాదు, రాయి తినబడిన చోటు. ఎంత తుడిచినా పోదు, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. రోజూ పులుసో పచ్చడో ఉండే వంటింట్లో మార్బుల్ గట్టు ఏడాది తిరక్కుండా కళ తప్పుతుంది. పలుగురాయిని ఈ ఆమ్లాలు ఏమీ చెయ్యలేవు. గట్టిదనంలోనూ తేడా పెద్దదే: మోస్ స్కేలు మీద కాల్సైట్ 3, క్వార్ట్జ్ 7. ఇక రాతి రవ్వల మధ్య సందులన్నీ రెజిన్ నింపేసింది కాబట్టి పలక నీళ్ళు పీల్చదు. లేత రంగు గ్రానైట్‌కి పట్టించే సీలర్ దీనికి అక్కర్లేదు. క్వార్ట్జ్‌కి కూడా సీలర్ కోటింగ్ వేస్తామని ఎవరైనా బిల్లులో కలిపితే ఆ గీత కొట్టేయమనొచ్చు.

పసుపు విషయంలో మాత్రం షాపువాళ్ళ ధీమాని పూర్తిగా నమ్మక్కర్లేదు. రాయి పసుపుని పట్టుకోదు, పైనున్న రెజిన్ కాస్త పట్టుకుంటుంది. నూనెలో కలిసిన పసుపు రాత్రంతా తెల్ల పలక మీద ఉంటే పొద్దున్నకి లేత పచ్చ నీడ మిగులుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఒకసారి తుడిచి, వంటసోడాని నీళ్ళతో ముద్దలా కలిపి అరగంట ఉంచి, మెత్తటి స్పాంజితో తీసేస్తే చాలావరకు పోతుంది. పసుపు రంగు వెలుతురుకి నిలిచేది కాదు, మిగిలిన కాస్తా రోజుల మీద తగ్గుతుంది. మ్యాట్ ఫినిష్ పలకలో ఈ బెడద ఎక్కువ. షోరూంలో పట్టులా కనిపించే ఆ మ్యాట్ మీద ఇంట్లో నూనె చేతి గుర్తులు, పసుపు వేళ్ళు తేలిగ్గా పడతాయి, తీయడానికి రెట్టింపు సేపు పడుతుంది. మన వంటకి పాలిష్ ఫినిషే నయం.

చెడు సంగతి వేడి. రెజిన్ సుమారు 150 డిగ్రీలు దాటితే దెబ్బతినడం మొదలవుతుంది. ముందు లేత పసుపు, తర్వాత గోధుమ రంగు మచ్చ. ఒక్కోసారి రంగు మారకముందే సన్నటి పగులు. కుక్కర్ లోపలి ఆవిరి 120 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది గానీ మంట మీంచి అప్పుడే దించిన కుక్కర్ అడుగు అంతకంటే వేడిగా ఉంటుంది. గారెలు వేగే నూనె 180 డిగ్రీలు, కాలిన దోసె పెనం 200 దాటుతుంది. గ్రానైట్ గట్టుకి అలవాటుపడ్డ చెయ్యి మూకుడుని దించి పక్కన పెట్టేస్తుంది. గ్రానైట్ పట్టించుకోదు, క్వార్ట్జ్ పట్టించుకుంటుంది. మడత పెట్టిన మసిగుడ్డ చాలదు, వేడి దానిలోంచి దిగుతుంది. చెక్క పీటో, కాళ్ళున్న ఇనుప స్టాండో, గాలి ఆడే చుట్టకుదురో కావాలి. పండగ రోజు నలుగురు చేతులు వేసే వంటింట్లో ఈ నియమం నిలవదు అనిపిస్తే, పొయ్యికి కుడివైపు ఒకటిన్నర అడుగు మేర గ్రానైట్ ముక్క వేయించుకోవడం ఉత్తమం. తెల్ల పలక పక్కన నల్ల ముక్క కావాలని పెట్టినట్టే ఉంటుంది, చూడ్డానికి లోటేమీ లేదు.

గట్టు చివర దేవుడి అర ఉన్న ఇళ్ళలో ఇంకో జాగ్రత్త: కర్పూరం నేరుగా పలక మీద వెలిగించకూడదు. ప్రమిద కింద ఇత్తడి పళ్ళెం ఉండాలి.

ఎండ గురించి షాపుల్లో పెద్దగా మాట్లాడరు. పాలియెస్టర్ రెజిన్‌ని అతినీలలోహిత కిరణాలు నెమ్మదిగా పసుపు పచ్చగా మారుస్తాయి. నల్ల పలకలో ఇది కనబడదు, మార్బుల్ తెలుపులో కనబడుతుంది. వాస్తు ప్రకారం మన వంటిల్లు ఆగ్నేయంలో, పొయ్యి తూర్పు ముఖంగా ఉంటాయి. అంటే గట్టు తూర్పు గోడ వెంట, దాని మీదే కిటికీ. ఎనిమిది తర్వాత ఎండ పైకి లేచేకొద్దీ నేరుగా కిటికీ కింది గట్టు మీదే పడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాల్లో కొన్నిటిని ఆపుతుంది, అన్నిటినీ కాదు. రోజూ ఒకే చోట గిన్నెల స్టాండు ఉంటే ఏళ్ళు గడిచాక దాని కింద తెలుపు, చుట్టూ మీగడ రంగు తేలొచ్చు. కిటికీకి అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్మ్ అంటించడమో, పైన సన్‌షేడ్ పొడవు పెంచడమో మార్గం. స్వచ్ఛమైన మంచు తెలుపు కాకుండా కాస్త వెచ్చటి తెలుపు ఎంచుకుంటే మార్పు వచ్చినా కంటికి ఆనదు. గిన్నెలు తోమే పెరటి వైపు బాల్కనీ, మేడ మీద కౌంటరు, బయటి మెట్లు, వీటికి క్వార్ట్జ్ వద్దే వద్దు. అక్కడ గ్రానైటో కడప బండో.

షాపులో అసలు క్వార్ట్జ్ ఏదో తేల్చుకోవడం వేరే పని. తెల్లగా మెరిసేదంతా ఒకే వరుసలో నిలబెట్టి ఉంటుంది. అందులో ఒకటి మార్బుల్ పొడిని రెజిన్‌తో పోసిన పలక. కంటికి క్వార్ట్జే. రెండోది నానో వైట్. అది గాజు జాతి పలక, రెజిన్ లేదు కాబట్టి పసుపెక్కే బాధ తక్కువ, కానీ అంచు పెళుసు, కోసేటప్పుడు చిట్లుతుంది, దెబ్బ తగిలితే గాజులా పెచ్చు లేస్తుంది. విరిగిన అంచు చూస్తే ఇసుక రవ్వల్లా కనిపించేది క్వార్ట్జ్, గాజులా నున్నగా మెరుస్తూ అక్కడక్కడ బుడగలు కనిపించేది నానో.

శాంపిల్ ముక్క ఇంటికి తెచ్చుకుని రెండు పరీక్షలు చేస్తే చాలు. నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా ఉంచండి. పొద్దున్న కడిగితే గుండ్రటి మసక గుర్తు ఉంటే అందులో మార్బుల్ పొడి ఉంది. తర్వాత ఇనుప మేకుతో గట్టిగా గీయండి. క్వార్ట్జ్ మీద బూడిద రంగు గీత పడుతుంది, కానీ అది మేకు అరిగి అంటిన లోహం. వంటసోడాతో రుద్దితే పోతుంది. మార్బుల్ పలకలో గీత లోతుగా దిగి వేలి గోరుకి తగులుతుంది.

ఇక చారలు. ఈ పలకకి డబ్బు పోసేది వాటికే గనక అవి ఎంత లోతున ఉన్నాయో చూడాలి. పలకని నిలువుగా నిలబెట్టినప్పుడు దాని మందం వైపు కంటిని తేవాలి. పైన కనిపించే చార అంచులోకి దిగి కిందిదాకా వస్తే లోపలంతా చార ఉన్నట్టు. రెండు మూడు మి.మీ. దిగి ఆగిపోతే పై పొరలో వేసిన చార. రెండోది మోసమేమీ కాదు, చవక కూడా. కానీ గట్టు ముందు అంచుని గుండ్రంగా మోల్డింగ్ తీయిస్తే చార అంచు దగ్గర తెగిపోయి, కింద ఉత్త తెలుపు కనబడుతుంది. సింక్ కోసిన లోపలి అంచులోనూ అంతే. అలాంటి పలకకి ముందు అంచుని 45 డిగ్రీలు కోసి, 40 మి.మీ. పట్టీ అతికిస్తే పై చార మడత పడి కిందకి జారినట్టు వస్తుంది. ఆ అతుకు మొన మరీ పదునుగా వదిలితే స్టీలు గిన్నె తగిలిన ప్రతిసారీ చిట్లుతుంది, రెండు మి.మీ. మొన తీయించాలి. కొబ్బరికాయ ఆ అంచుకి కొట్టే అలవాటుంటే మాత్రం ఏ మోల్డింగూ కాపాడలేదు.

డబ్బు ఎక్కువగా పోయేది కోత లెక్కలో. పలక కొలతలు ప్రధానంగా రెండు: సుమారు 3050 × 1440 మి.మీ., 3200 × 1600 మి.మీ. ఒక మామూలు ఎల్ ఆకారపు గట్టుని తీసుకుందాం, ఒక చేయి 10 అడుగులు, ఇంకోటి 7 అడుగులు, వెడల్పు 620 మి.మీ. మూలలో 2 అడుగులు రెండింటికీ ఉమ్మడి కాబట్టి రెండో చేయికి కోయాల్సింది 5 అడుగులే. పెద్ద పలకలో 620 మి.మీ. పట్టీలు రెండు తీస్తే 1240 పోతుంది. మిగిలిన 360లో రంపం కోతకి 20 మి.మీ. వదిలేసినా, వెనక గోడకి 100 మి.మీ. స్కర్టింగ్ రెండు పట్టీలు, ముందు అంచుకి 40 మి.మీ. పట్టీలు రెండు సునాయాసంగా వస్తాయి. రెండో పట్టీలో 5 అడుగులు వాడగా మిగిలే ముక్క 1675 × 620 మి.మీ. నాలుగడుగుల వాష్‌బేసిన్ కౌంటరు అందులోంచే వస్తుంది. అదే 1440 పలకలో రెండు పట్టీలు తీస్తే మిగిలేది 200. రంపం కోత పోను అది స్కర్టింగ్‌కే చాలీచాలదు, ముందు అంచుకి అతుకు లేని పొడవాటి పట్టీ కావాలంటే ఇంకో పలక కొనాలి. పలక ఖరీదు చదరపు అడుగు లెక్కన చెప్పినా అమ్మేది మాత్రం పూర్తి పలకగానే. కాబట్టి చదరపు అడుగు ధర తక్కువని చిన్న పలక కొంటే మొత్తం బిల్లు ఎక్కువవడం మామూలే.

ఈ లెక్కలో చారలది ఒక పేచీ ఉంది. రెండు పట్టీలూ పలక పొడవునే కోశాం కాబట్టి ఎల్ మూలలో చారలు తొంభై డిగ్రీలు తిరుగుతాయి. ఏటవాలు పెద్ద చారలున్న కలకట్టా రకంలో ఆ మూల ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. సన్నగా, చెదురుగా చారలున్న కరారా రకంలో ఎవరికీ పట్టదు. పెద్ద చారలే కావాలంటే రెండో పలక ఖర్చుకి సిద్ధపడాలి, లేదా గట్టు ఒకే వరుసలో ఉండాలి. చిన్న వంటింటికి చిన్న చార అన్నది రుచి సంగతి కాదు, కోత సంగతి. రెండు పలకలు తీసుకుంటే ఒకే బ్యాచ్ నంబరు ఉండాలి, పలక వెనక ఉంటుంది. షాపు లైట్లలో కాకుండా బయట ఎండలో పక్కపక్కన నిలబెట్టి చూడాలి. వేర్వేరు బ్యాచుల తెలుపుల్లో తేడా ఉంటుంది, అది ఇంటికి వచ్చాకే బయటపడుతుంది. అప్పుడే తిన్నటి అల్యూమినియం పట్టీ పలక మీద ఆనించి వంపు ఉందేమో, నల్ల చుక్కలు, రెజిన్ గుంపుగా చేరిన మసక మచ్చలు ఉన్నాయేమో చూసి, కోయించబోయే భాగాలని మార్కర్‌తో గీయించి ఫోటో తీసుకోవాలి. ఒకసారి కోశాక ఏ ఫిర్యాదూ చెల్లదు.

కోత ఎక్కడ జరగాలన్నది ఇంతకంటే ముఖ్యం. గ్రానైట్ మేస్త్రీలు చాలామంది ఫ్లాట్ బాల్కనీలోనే చేతి కట్టర్‌తో పొడిగా కోసేస్తారు. గ్రానైట్‌లో సిలికా, అంటే పలుగురాయి పదార్థం, కొంతే ఉంటుంది, క్వార్ట్జ్ పలకలో అది తొంభై శాతం. ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. కోసే కార్మికుల్లో ఈ జబ్బు ప్రబలడంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఇలాంటి పలకల తయారీని, అమ్మకాన్ని, బిగింపుని నిషేధించింది. బిగించిన గట్టు ఇంట్లోవాళ్ళకి ప్రమాదం కాదు, ప్రమాదమంతా కోసేవాడికి. మూతికి కట్టుకున్న తువ్వాలు ఈ దుమ్ముని ఆపలేదు. షాపు షెడ్డులో నీళ్ళ ధార కింద, బ్రిడ్జ్ కట్టర్ అనే కోత యంత్రం మీద కోసి తెచ్చిన ముక్కలే తీసుకుంటామని ముందే చెప్పాలి. పనిలోనూ లాభమే: పొడి కోత వేడికి అంచులో రెజిన్ మాడుతుంది, సన్నటి పెచ్చులు లేస్తాయి. ఇంటి దగ్గర మిగిలేది చిన్నచిన్న సర్దుబాట్లే. వాటికీ ఒకరు నీళ్ళు పోస్తూ ఉండాలి, కోసేవాడికి ఎన్95 మాస్కు అయినా ఉండాలి.

షెడ్డులో కోయాలంటే కొలత తప్పకూడదు. అందుకే కింది కప్‌బోర్డులు, కడప బండ గోడలు నిలిచి లెవెల్ చూశాకే ప్లైవుడ్ లేదా అట్టతో మచ్చు తీయాలి. మన గోడలు మూలల్లో 90 డిగ్రీలు ఉండవు. సింక్, హాబ్ (గట్టులో కోసిన గుంటలో దిగే గ్యాస్ పొయ్యి) అప్పటికే చేతిలో ఉండాలి, కేటలాగ్ కొలత నమ్మకూడదు. కోసిన గుంట లోపలి మూలలు చదరంగా ఉంటే పగులు అక్కడే పుడుతుంది. ముందు నాలుగు మూలల్లో గుండ్రటి రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ కోయాలి. మూల గుండ్రం కనీసం 6 మి.మీ., పది ఉంటే ఇంకా మంచిది. గుంటకీ గట్టు ముందు అంచుకీ మధ్య మిగిలే సన్నటి పట్టీ 60 మి.మీ.కి తగ్గకూడదు. ముక్కలు మెట్ల మీద మోసేటప్పుడు విరిగేది ఆ పట్టీ దగ్గరే. 20 మి.మీ. పలక చదరపు మీటరుకి 48 కిలోల దాకా తూగుతుంది, పూర్తి పెద్ద పలక పావు టన్ను. పదడుగుల ముక్క అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు; నిలువుగా, గుంట వెనక చెక్క పట్టీ బిగించి మెట్ల మీదే తేవాలి. 15 మి.మీ. పలక తేలిక, చవక. కప్‌బోర్డుల మీద పూర్తిగా ఆనితే చాలు గానీ ఆసరా లేకుండా బయటికి వచ్చే చోట పనికిరాదు. 20 మి.మీ. పలకైనా ఆసరా లేకుండా పాతిక సెం.మీ. మించి బయటికి తేకూడదు.

బిగించడంలో గ్రానైట్ అలవాటు ఒకటి మానాలి. గ్రానైట్‌ని సిమెంటు మాల్ మీద పరిచి రబ్బరు సుత్తితో కొట్టి కూర్చోబెడతారు. క్వార్ట్జ్ కింద తడి మాల్ వద్దు. మాల్ ఎక్కడ తగ్గితే అక్కడ పలక గాలిలో ఉంటుంది, పైన రోలు పెట్టి దంచితే పగిలేది అక్కడే. కింద కడప బండ గానీ ప్లైవుడ్ గానీ 3 మీటర్లకి 2 మి.మీ. తేడా మించకుండా సమంగా చేసుకుని, 15-20 సెం.మీ.కి ఒక చుక్క చొప్పున సిలికాన్ జిగురు పెట్టి కూర్చోబెట్టాలి. గోడ వెంట 3 మి.మీ. సందు వదిలి సిలికాన్‌తో మూయాలి. రెజిన్ వల్ల ఈ పలక వేడికి గ్రానైట్ కంటే ఎక్కువ సాగుతుంది. 3 మీటర్ల ముక్క 20 డిగ్రీల తేడాకి సుమారు ఒక మి.మీ. కదులుతుంది, మన మే నెలకీ జనవరికీ అంతకంటే తేడా ఉంటుంది. హాబ్ గుంట చుట్టూ 3-4 మి.మీ. సందు, గుంట అంచుకి వేడి పరావర్తనం చేసే అల్యూమినియం టేపు తప్పనిసరి. అతుకు సింక్, హాబ్ గుంటల మీదకి రాకూడదు. గట్టు కింద బిగించే సింక్‌ని జిగురు ఒక్కదానికే వేలాడదీయకూడదు. నిండితే 50 కిలోల నీళ్ళు. కింద స్టీలు ఫ్రేము ఉండాలి.

బాత్‌రూంలో ఈ పలకకి వేడి, ఎండ బాధలు లేవు గనక నిజానికి అది వంటింటికంటే అక్కడే సుఖంగా ఉంటుంది. గీజర్ నీళ్ళు దాన్నేమీ చెయ్యవు. అక్కడ శత్రువులు సీసాల్లో ఉంటాయి. మూసుకుపోయిన బేసిన్‌లో పోసే డ్రెయిన్ పొడి కాస్టిక్ సోడా. పలక మీద చిందితే రెజిన్‌కీ రాయికీ ఉన్న పట్టు వదిలి పాలిపోయిన మచ్చ పడుతుంది, అది పోదు. బాత్‌రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ కూడా వద్దు. తలకి వేసే రంగు చుక్క వెంటనే తుడవాలి. బోరు నీళ్ళ ఉప్పు కుళాయి చుట్టూ తెల్లగా కడుతుంది. వెనిగర్‌ని సమానంగా నీళ్ళు కలిపి గుడ్డతో అయిదు నిమిషాలు పెట్టి, కడిగి తుడిస్తే వస్తుంది, బ్లేడుతో గీకక్కర్లేదు. పాలిష్ క్వార్ట్జ్‌ని స్నానం చేసే చోట నేలకి వేయించకూడదు, సబ్బు నీళ్ళలో జారుతుంది.

సింక్ కోసినప్పుడు వచ్చిన ముక్కని మేస్త్రీ సామానుతో పాటు పోనివ్వకుండా అడిగి ఉంచుకోవాలి. కొత్త క్లీనరు ఏదైనా ముందు దాని మీద పోసి ఒక రాత్రి చూడొచ్చు. రేపు అంచు పెచ్చు లేస్తే అదే ముక్కని కొద్దిగా నూరి, ఆ పొడి ఎపాక్సీ జిగురులో కలిపి పూడిస్తే రంగు దగ్గరగా కుదురుతుంది.